పిండం బ్లూప్రింట్ చదవదు

జీనోమ్ అంటే జీవి తయారీకి బ్లూప్రింట్ అనే మాట ఎంతగా పాతుకుపోయిందంటే, దానికి రుజువు కావాలన్న స్పృహే పోయింది. పాఠాల్లో అదే వినిపిస్తుంది, పత్రికల సైన్సు పేజీల్లో అదే కనిపిస్తుంది. 2000 జూన్ 26న మానవ జీనోమ్ ముసాయిదా సిద్ధమైందని ప్రకటించిన నాటి నుంచి రాజకీయ నాయకుల నోట కూడా అదే మాట. దీని లోపల రెండు నమ్మకాలు దాగి ఉన్నాయి. జీవి రూపం మొత్తం ముందే డీఎన్ఏ అక్షరాల్లో రాసి ఉందనీ, పిండం చేసేదల్లా దాన్ని అమలు చేయడమేననీ మొదటి నమ్మకం. ఒకే రూపం రావాలంటే ఒకే రాత ఉండాలనీ, కాబట్టి కోట్ల ఏళ్ళుగా మారకుండా నిలిచిన అక్షరాలే పనికొచ్చేవనీ, మారిపోయినవి లెక్కలోకి రావనీ రెండోది. మొదటిది సామాన్యుల మాటల్లో ఎక్కువ వినిపిస్తే, రెండోది ప్రయోగశాలల్లో, ఆసుపత్రుల్లో నిర్ణయాలను శాసిస్తోంది. ఈ రెండూ తప్పని నా వాదన. ఏ జీవిలోనైతే ఈ నమ్మకాలు అక్షరాలా నిజమనిపిస్తాయో, ఆ జీవినే సాక్ష్యంగా తీసుకుంటాను. అక్కడ నిలబడని మాట మరెక్కడా నిలబడదు.

ఆ జీవి సీ స్క్వర్ట్. శాస్త్రవేత్తలు ఆసిడియన్ అంటారు. రేవు గోడలకు, ఓడల అడుగు భాగాలకు, సముద్రపు రాళ్ళకు అంటుకుని నీటిని వడగట్టుకుని బతికే సంచీలాంటి ప్రాణి. మన దగ్గర డిగ్రీలో జువాలజీ చదివినవారికి హెర్డ్‌మానియా పేరుతో ఇది పరిచయమే. డింభక దశలో తోక, పృష్ఠవంశం (నోటోకార్డ్), నాడీ దండం ఉండి, ఎదిగాక తోకా పృష్ఠవంశమూ పోయే తిరోగమన రూపవిక్రియకు దీన్ని ఉదాహరణగా చెబుతారు. 1866లో రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ ఆ డింభకంలో పృష్ఠవంశాన్ని గుర్తించిన తర్వాతే ఇది మన వంశవృక్షానికి దగ్గరి కొమ్మ అని తెలిసింది. వెన్నెముక గల జంతువులకు అతి దగ్గరి బంధువులు ఇవేనని 2006లో జన్యువుల పోలికలు చూపించాయి. వీటిలో ఎక్కువ పరిశోధన జరిగిన సియోనాలో, ఫలదీకరణ జరిగిన రోజు తిరగకముందే అండం ఈదే డింభకం అవుతుంది. దాని ఒళ్ళంతా కలిపి దాదాపు 2,600 కణాలు, పృష్ఠవంశంలో సరిగ్గా 40. పిండంలోని ప్రతి కణానికీ ఒక పేరుంది. ఏ కణం ఎప్పుడు చీలుతుందో, దాని సంతానం కండరమవుతుందో చర్మమవుతుందో నాడి అవుతుందో అంతా పిండం తర్వాత పిండంలో అదే క్రమంలో జరుగుతుంది. 1887లో ఫ్రాన్స్‌లో లారెంట్ షాబ్రీ రెండు కణాల దశలో ఒక కణాన్ని సూదితో పొడిచి చంపితే, మిగిలిన కణం సగం డింభకంగానే ఎదిగింది. 1905లో అమెరికాలోని వుడ్స్ హోల్‌లో ఎడ్విన్ కాంక్లిన్, స్టయెలా అనే జాతి అండంలో పసుపు రంగు నెలవంకలా కనిపించే కణద్రవ్యం ఏయే కణాల్లోకి చేరుతుందో వెంటాడి, అవే తోక కండరాలవుతాయని చూపాడు. ముందే రాసిన ప్రణాళిక తు.చ. తప్పకుండా అమలవుతోందనడానికి ఇంతకన్నా మంచి దృశ్యం జంతులోకంలో దొరకడం కష్టం.

అయితే ఆ పసుపు నెలవంక లోపల ఏముందో తెలిశాక బ్లూప్రింట్ వాదానికి మొదటి దెబ్బ తగిలింది. 2001లో జపాన్ శాస్త్రవేత్తలు హిరోకీ నిషిదా, కాయిచిరో సవాదా హలోసింథియా అనే జాతి అండంలో మాచో-1 అనే, తల్లి ముందే అండంలో చేర్చి పెట్టిన ఆర్ఎన్ఏ‌ను గుర్తించారు. దాన్ని లేకుండా చేస్తే తోకలోని ముఖ్య కండరాలు రాలేదు. దాన్ని వేరే కణాల్లోకి ఎక్కిస్తే, కండరం కానక్కర్లేని చోట కండరం వచ్చింది. ఈ ప్రయోగంలో పిండం జీనోమ్ ఎక్కడా మారలేదు. కండరమైన కణంలోనూ కానిదానిలోనూ డీఎన్ఏ ఒకటే. తేడా అంతా ఆ ఆర్ఎన్ఏ ఎక్కడుందన్న దానిలో ఉంది. ఆ చోటును నిర్ణయించేది ఏమిటి? శుక్రకణం తాకగానే అండం పైపొర కింది నారలు ముడుచుకుని కణద్రవ్యాన్ని ఒక ధ్రువం వైపు లాగుతాయి. ఆ తర్వాత శుక్రకణం వెంట వచ్చిన సెంట్రోసోమ్ అనే కేంద్రం చుట్టూ అల్లుకున్న సూక్ష్మనాళికలు దాన్ని పిండం వెనుక భాగానికి చేరుస్తాయి. లాగుడు, ముడుపు, కదలిక అన్నీ భౌతికంగా జరిగే పనులు. వెనుక అనే దిక్కు ఫలదీకరణ చెందిన అండంలో ఆ నిమిషాల్లోనే ఖరారవుతోంది తప్ప, డీఎన్ఏలో ఫలానా చోట రాసి ఉన్న గుర్తు కాదు. మాచో-1 కూడా తల్లి జీనోమ్ నుంచి వచ్చినదే కదా అని వెంటనే అడుగుతారు. నిజమే, వస్తువు జీనోమ్ నుంచే వచ్చింది. కానీ కండరం ఎక్కడ రావాలన్న ప్రశ్నకు జవాబు ఆ వస్తువు చేరిన చోటులో ఉంది. బ్లూప్రింట్ అనేది చోటు చెప్పడానికే పుట్టిన కాగితం. చోటు చెప్పలేనిదాన్ని ఆ పేరుతో పిలవడంలో అర్థం లేదు.

ఇక కణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎవరి వాటా వారు అమలు చేస్తాయన్న మొజాయిక్ భావన ఇంకా బలహీనమైనది. సియోనా పిండం 32 కణాల దశలో ఉన్నప్పుడు పైభాగంలో 16 కణాలు ఉంటాయి. వాటిలో నాలుగు మాత్రమే నాడీ కణజాలం వైపు మళ్ళి ఓటీఎక్స్ అనే జన్యువును పలికిస్తాయి. మిగతా పన్నెండూ చర్మం దారి పడతాయి. కింది కణాలు విడుదల చేసే ఎఫ్‌జీఎఫ్ అనే సంకేత ప్రోటీన్ ఈ మార్పుకు కారణమని పాట్రిక్ లెమేర్ బృందం 2003లో చూపింది. విచిత్రం ఏమిటంటే, ఆ సంకేతానికి స్పందించే సత్తా పదహారింటికీ ఉంది. నాలుగే ఎందుకు స్పందిస్తాయంటే, ఎఫ్‌జీఎఫ్ ఇచ్చే కణాలను ఎక్కువ వైశాల్యం మేర తాకుతున్నవి ఆ నాలుగే. తక్కువగా తాకే కణాల్లో ఎఫ్రిన్ అనే మరో సంకేతం ఆ ప్రభావాన్ని అణచివేస్తుంది. 2020లో ఫాలూసియా అనే జాతి పిండాలను లైట్ షీట్ మైక్రోస్కోపుతో కణం కణంగా, నిమిషం నిమిషంగా కొలిచిన పరిశోధన, పిండమంతటా ఇలాంటి నిర్ణయాల్లో ఈ తాకిడి వైశాల్యానికి పెద్ద పాత్ర ఉందని చెప్పింది. దీని అర్థాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కణం ఆకారం, పక్క కణం ఒత్తిడి, చీలిక జరిగే దిశ కలిసి వైశాల్యాన్ని నిర్ణయిస్తాయి. వైశాల్యం జన్యువును పలికిస్తుంది. పలికిన జన్యువు మళ్ళీ కణం ఆకారాన్ని, తర్వాతి చీలికను మారుస్తుంది. ఇల్లు కట్టే మేస్త్రీ, లేచిన గోడను చేత్తో తడిమి, దాన్ని బట్టి తర్వాతి గోడ ఎక్కడ రావాలో నిర్ణయిస్తుంటే, అతని చేతిలోని కాగితాన్ని ఇంటి ప్లాను అనం. సీ స్క్వర్ట్ పిండం ఆ మేస్త్రీ లాంటిదే. ప్రతిసారీ అదే రూపం వస్తోందంటే, ప్రతిసారీ అవే పరిస్థితుల్లో అదే సంభాషణ జరుగుతోందని అర్థం.

ఈ సంభాషణలో డీఎన్ఏ పాత్ర ఏమిటో తేల్చడానికి ఓటీఎక్స్ జన్యువు పక్కనే ఉన్న 69 అక్షరాల చిన్న ముక్కను చూడాలి. జన్యువు ఏ కణంలో, ఏ సమయంలో పలకాలో నిర్ణయించే ఇలాంటి ముక్కలను ఎన్‌హాన్సర్లు అంటారు. ఎఫ్‌జీఎఫ్ కబురును అందించే ఈటీఎస్ అనే ప్రోటీను, పైభాగపు కణాల్లో పనిచేసే గాటా అనే ప్రోటీనూ వచ్చి దీని మీద కూర్చుంటాయి. రెండూ కలిసినచోట ఓటీఎక్స్ పలుకుతుంది. బ్లూప్రింట్ దృష్టితో చూస్తే ఇక్కడి అక్షరాలు ఆ ప్రోటీన్లకు అచ్చుగుద్దినట్టు సరిపోవాలి. ఆదేశం స్పష్టంగా ఉంటేనే అమలు కచ్చితంగా ఉంటుంది కదా. 2015లో ఎమ్మా ఫార్లీ, మైక్ లెవిన్, వారి సహచరులు దీన్ని తలకిందులు చేశారు. ఆ ముక్కలో ప్రోటీన్లు కూర్చునే ప్రతి చోటా కీలకమైన నాలుగేసి అక్షరాలను మాత్రం ఉంచి, మిగతావాటిని ఇష్టం వచ్చినట్టు మార్చిన లక్షల రూపాంతరాలు తయారు చేసి సియోనా అండాల్లోకి ఎక్కించారు. సహజంగా ఉన్న ముక్కలో ఈటీఎస్, గాటా కూర్చునే చోట్లు పరిపూర్ణమైనవి కావు. ప్రోటీన్లు అక్కడ వదులుగా అతుక్కుంటాయి. వాటి మధ్య దూరం కూడా గరిష్ఠ పనితీరుకు తగినట్టు లేదు. ఈ లోపాలను సరిదిద్ది అక్షరాలను ఆదర్శ రూపానికి తెస్తే జన్యువు గట్టిగా పలికింది, కానీ పలకకూడని కణాల్లో కూడా పలికింది. ఆదేశాన్ని స్పష్టం చేస్తే కచ్చితత్వం పోయింది! నేను ఈ విషయంలో చదివిన ప్రయోగాలన్నిటిలోనూ బ్లూప్రింట్ వాదాన్ని ఇంత సూటిగా దెబ్బతీసింది మరొకటి లేదు. ఆ 69 అక్షరాలు “నాడీ కణంగా మారు” అనే ఆజ్ఞను మోయడం లేదు. చుట్టూ ఉన్న ప్రోటీన్ల మోతాదు ఒక హద్దు దాటిందా లేదా అని తూచడమే వాటి పని. వాటి బలహీనతే ఆ తూకానికి ఆధారం. సంకేతం కొంచెం తక్కువైన పక్క కణంలో జన్యువు మౌనంగా ఉండాలంటే, అతుకు వదులుగా ఉండక తప్పదు. హద్దు ఎక్కడుండాలో పిండం రూపురేఖలతో కలిసే అర్థమవుతుంది. ఆ పిండంలో ఏ కణం దేన్ని ఎంత తాకుతుందో తెలియకుండా ఆ ముక్కను ఎన్నిసార్లు చదివినా, అది ఎక్కడ పలుకుతుందో చెప్పలేం.

రెండో నమ్మకానికి, అంటే ఒకే రూపానికి ఒకే రాత కావాలన్న దానికి, సీ స్క్వర్ట్‌లు ఇంకా తీవ్రమైన జవాబిస్తాయి. సియోనా, హలోసింథియా దాదాపు 40 కోట్ల సంవత్సరాల కిందట విడిపోయిన వంశాలు. తొలి దశల్లో వీటి పిండాలను పక్కపక్కన పెడితే, కణానికి కణం సరిపోతుంది. పేర్లు కూడా ఒకటే వాడతారు. అయినా పరిశీలించిన జన్యువుల చుట్టూ ఉన్న నియంత్రణ డీఎన్ఏలో పోల్చదగ్గ వరస ఏదీ మిగల్లేదు. 2005లో జపాన్, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి ఓటీఎక్స్‌ను రెండు జాతుల్లోనూ పోల్చినప్పుడు, హలోసింథియా ఎన్‌హాన్సర్లు చాలావరకు సియోనా పిండంలో కూడా సరైన కణాల్లోనే పనిచేశాయి. కొన్ని ప్రోటీన్లు కూర్చునే చోట్లు ఉంటే చాలు. వాటి సంఖ్య, వరస, దిశ అన్నీ మారినా ఫలితం నిలిచింది. దీనికీ ఫార్లీ ప్రయోగానికీ వైరుధ్యం ఉన్నట్టు అనిపించవచ్చు, లేదు. బలహీనమైన చోట్లు మంచి దూరంలో ఉన్నా, కాస్త బలమైనవి అననుకూల దూరంలో ఉన్నా మొత్తం తూకం ఒకటే కావచ్చు. అంటే ఒకే పనికి లెక్కలేనన్ని రాతలు సరిపోతాయి. పరిణామం ఆ రాతల మధ్య కోట్ల ఏళ్ళుగా స్వేచ్ఛగా తిరిగింది. 2014లో ఆల్బెర్టో స్టోల్ఫీ, లియోనెల్ క్రిస్టియన్ బృందం మరో మెట్టు దిగింది. మాల్గ్యులా అనే సీ స్క్వర్ట్ జాతులకూ సియోనాకూ గుండె, గొంతు కండరాలు వచ్చే కణవంశం ఒకటే, అందులో పలికే జన్యువులూ అవే. కానీ ఒకదాని ఎన్‌హాన్సర్‌ను మరోదాని పిండంలో పెడితే చాలా సందర్భాల్లో పనిచేయలేదు. రూపం నిలిచింది, ఫలితం నిలిచింది, దాన్ని సాధించే తీగలన్నీ మారిపోయాయి. నిలకడ అక్షరాల్లోనే ఉంటుందని నమ్మేవారు ఈ రెండు పరిశోధనలకూ కలిపి జవాబివ్వాలి. ఒకచోట అక్షరాలు మారినా భాష నిలిచింది, మరోచోట భాషే మారినా పిండం నిలిచింది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది ఒకటుంది. అక్షరాలను వదిలేయండి, జన్యువుల మధ్య నియంత్రణ జాలమే అసలు బ్లూప్రింట్ అంటారు. 2006లో కవోరు ఇమాయ్, లెవిన్, నోరియుకి సతోహ్, యుతాకా సతోవు సియోనా పిండంలో ఏ జన్యువు దేన్ని నడుపుతుందో కణం కణంగా గీసిన అద్భుతమైన పటాన్ని సైన్స్ పత్రికలో ప్రచురించారు. దానికి పెట్టిన శీర్షికలోనే బ్లూప్రింట్ అనే మాట ఉంది. ఆ పని మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఆ పటం పిండం నుంచి తీసినది, జీనోమ్ నుంచి చదివినది కాదు. ఒక్కొక్క జన్యువును అణచి, పిండంలో ఏం జరిగిందో చూసి గీశారు. అందులోని ప్రతి బాణం ఫలానా కణంలో, ఫలానా పొరుగున, ఫలానా దశలో మాత్రమే నిజం. జరిగినదాన్ని నమోదు చేసిన పటాన్ని, జరగబోయేదాన్ని శాసించే ప్రణాళికగా చూపడం కారణాన్నీ కార్యాన్నీ తారుమారు చేయడమే. పైగా మాల్గ్యులా ఉదాహరణ చూపినట్టు, ఆ బాణాల వెనుక ఉన్న డీఎన్ఏ ఆధారం జాతి జాతికీ వేరు. మరొకరు తోక లేని మాల్గ్యులా అకల్టాను చూపుతారు. దాని డింభకానికి తోక రాదు, పృష్ఠవంశపు కణాలు 40 బదులు 20 దగ్గరే ఆగి, సాగకుండా ఉండిపోతాయి. కండరపు ఆక్టిన్ జన్యువులు పాడైపోయి ఉంటాయి. ఇక్కడ జన్యువు పోతే రూపం పోయింది కదా అంటారు. జన్యువులు ముఖ్యం కావని నేనెక్కడా అనలేదు. కానీ బిల్లీ స్వాలా, విలియం జెఫ్రీ ఆ అండాలను తోక గల సోదర జాతి శుక్రకణాలతో ఫలదీకరించినప్పుడు ఏమైందో కూడా చూడండి. కొన్ని సంకర పిండాలకు పొట్టి తోక వచ్చింది, పృష్ఠవంశపు కణాలు వరసలో సాగాయి, కానీ అవి 20 మాత్రమే. తోక గల తండ్రి జీనోమ్ వచ్చి చేరింది, తన ఇంటి పిండాన్ని మాత్రం కట్టలేకపోయింది. ఆ అండంలో, ఆ జీనోమ్ పక్కన తనకు సాధ్యమైనంత చేసింది.

సీ స్క్వర్ట్‌ల డీఎన్ఏ వేగంగా మారే రకం, దాన్ని మనుషులకు అన్వయించకూడదని మరో అభ్యంతరం. మనిషికీ చేపకూ మధ్య మారకుండా నిలిచిన నియంత్రణ ముక్కలు ఎన్నో ఉన్న మాట నిజమే. అలాంటి ముక్కలు ఉంటే అవి పనిచేస్తున్నాయనడానికి అది మంచి సూచన. నేను ఖండించేది దానికి వ్యతిరేక దిశలో చేసే ఊహను, అంటే మారిపోయిన ముక్క పనికిరానిదనీ, ఆదర్శ రూపానికి దగ్గరైన మార్పు హానిచేయదనీ అనుకోవడాన్ని. మనిషి, ఎలుక, పెద్దెలుకల్లో ఒక్క అక్షరం కూడా తేడా లేని నాలుగు ముక్కలను 2007లో ఎలుకల జీనోమ్ నుంచి విడివిడిగా తీసేస్తే, ఆ ఎలుకలు బతికాయి, పిల్లల్ని కన్నాయి. మారకపోవడం అన్నది పాత్ర ఎంత పెద్దదో చెప్పే కొలబద్ద కాదు. ఇక ఆదర్శ రూపం మాటకు వస్తే, సియోనాలో తేలిన సూత్రమే మనిషి చేతివేళ్ళ దగ్గర కనిపించింది. చేతులూ కాళ్ళూ ఏర్పడేటప్పుడు సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువును నడిపే ఎన్‌హాన్సర్ ఒకటుంది. ఆ జన్యువుకు అది దాదాపు 10 లక్షల అక్షరాల దూరంలో ఉంటుంది. ఫార్లీ బృందం 2024లో నేచర్‌లో చూపిందేమిటంటే, అక్కడ కూడా ఈటీఎస్ కూర్చునే చోట్లు బలహీనమైనవే. అధిక వేళ్ళతో పుట్టినవారి కుటుంబాల్లో కనిపించిన ఒంటి అక్షరపు మార్పులు ఆ బలాన్ని కొద్దిగా పెంచాయి. అదే మార్పును ఎలుకల్లో చేస్తే వాటికీ అదనపు వేళ్ళు వచ్చాయి. బలాన్ని ఇంకా పెంచితే వైకల్యం ఇంకా తీవ్రమైంది. ఏ చోటూ పాడవలేదు, ఏ అక్షరమూ పోలేదు. చోటు మెరుగైంది, అందుకే చేయి మారింది. పాడైన అక్షరం కోసమే వెతికే పద్ధతికి ఈ మార్పు కనబడదు.

చివరికి, బ్లూప్రింట్ అనేది కేవలం ఒక ఉపమానం, దానిమీద ఇంత పోరాటం ఎందుకని అడిగేవారున్నారు. ఉపమానం మాటల్లోనే ఉండిపోతే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. మన దేశంలో జీనోమ్ ఇండియా పథకం కింద హైదరాబాద్ సీసీఎంబీతో సహా అనేక సంస్థలు కలిసి సుమారు 10,000 మంది జీనోమ్‌లను చదివాయి. అలాంటి సమాచారంలో బయటపడే మార్పుల్లో అత్యధికం ప్రోటీన్లకు సంబంధం లేని డీఎన్ఏలో ఉంటాయి. మనిషి జీనోమ్‌లో ప్రోటీన్లను నేరుగా రాసే భాగం రెండు శాతం లోపే. ఆ మార్పుల్లో ఏది వ్యాధికి కారణం కావచ్చో ఎంచేటప్పుడు, జాతుల మధ్య ఎంతగా నిలిచిందన్న మార్కులూ, ఆదర్శ రూపాన్ని ఎంతగా పాడుచేసిందన్న మార్కులూ చూసి జల్లెడ పట్టడం ప్రపంచమంతటా అలవాటైంది. ఆ జల్లెడ రంధ్రాలు బ్లూప్రింట్ నమ్మకం చేసినవి. ఒక తల్లికి “మీ బిడ్డ జీనోమ్‌లో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు” అని రాసిచ్చిన కాగితం వెనుక ఆ నమ్మకం ఉంటుంది. కోట్ల మార్పుల్ని బతికున్న కణాల్లో పరీక్షించడం సాధ్యమా అంటే, అన్నిటినీ ఒకేసారి కాదు. కానీ సియోనా అండాల పైపొర తీసేసి, చిన్న విద్యుత్ తాకిడితో వేల అండాల్లోకి ఒకేసారి డీఎన్ఏ ఎక్కించే పద్ధతి 1997 నుంచీ ఉంది. 69 అక్షరాల ముక్క ఒక్కదానికే లక్షల రూపాంతరాలను ఆ పద్ధతిలోనే పరీక్షించారు. ఇప్పుడు మనుషుల కణాల్లో, ఎలుక పిండాల్లో ఇలాంటి సామూహిక పరీక్షలు జరుగుతున్నాయి. జీనోమ్‌లు చదవడానికి పెట్టే ఖర్చులో గణనీయమైన వాటా, చదివిన మార్పులు ఏ కణంలో, ఎంత సంకేతానికి, ఎంతగా పలుకుతున్నాయో కొలవడానికి పోవాలి. బలం తగ్గించిన మార్పులతో పాటు బలం పెంచిన వాటినీ, నిలిచిన ముక్కలతో పాటు నిలవని వాటినీ ఆ కొలతలోకి తీసుకోవాలి.